బాపు చేసిన గంగమ్మ

కోరుట్ల చౌరస్తాలోని ఫౌంటెన్‌ను తీసేస్తారని తెలిసిన రోజు ఒకే జాకెట్ చేతిని మూడుసార్లు తప్పు కుట్టి విప్పాను. నా కుట్టు షాపు దానికి ఎదురుగానే ఉంది. మధ్యలో శివుడు, జటల్లో గంగమ్మ, ఆమె నోటి నుంచి కింది తొట్టిలోకి నీళ్లు. నేను పుట్టక ముందు మా నాన్న, మా బాపు, సిమెంటుతో చేసిన బొమ్మలవి. ఆయనది సుతారి పని, ఇళ్లు కట్టే తాపీ మేస్త్రీ. నీళ్లు రావడం ఆగిపోయి ఏళ్లయినా, సోమవారం పొద్దున ఎవరో ఒకరు పూలు పెట్టిపోతూనే ఉన్నారు.

రోడ్డు వెడల్పు చేయాలట. బాపుకు చెప్పాలా, వద్దా? ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. చివరికి ఉండబట్టలేక చెప్పాను. మర్నాడు మా ఊరు రుద్రంగి నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదన్నాడు.

అప్పటికే క్రేన్ వచ్చి ఉంది. శివుడి మెడకు బెల్టు చుడుతున్నారు. బాపు తొట్టి గోడ ఎక్కి ఆపమన్నాడు.

"మెడకు కట్టకుండ్రి. గాడ లోపల ఇనుప సలాక లేదు, ఇరుగుతది. నడుముకు కట్టుండ్రి."

"నీకెట్ల ఎరుక, తాతా?" అని క్రేన్ నడిపేవాడు అడిగాడు.

"నేనే చేసిన."

అతను దిగి వచ్చాడు. బాపు నా షాపులోని సుద్దముక్క అడిగి తీసుకుని, బొమ్మ అడుగున ఎక్కడ కోయాలో గీత గీశాడు. కోత మిషన్ మోగినంతసేపూ నేను షాపుకూ తొట్టికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. శివుడు చెక్కుచెదరకుండా లేచాడు. గంగమ్మ ముఖం మాత్రం రాలి ముక్కలైంది.

బొమ్మను మున్సిపల్ ఆఫీసు వెనక టార్పాలిన్ కింద పడేశారు. పార్కులో నిలబెడతామన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు. వారం వారం వెళ్లి అడిగాను. వెళ్లినప్పుడల్లా కమిషనర్ సారు మీటింగులో ఉండేవారు. ఎండాకాలం పోయాక ఒప్పుకున్నారు, ముఖం మాత్రం మీరే చేయించుకోండన్నారు.

బాపు చేతులు వణుకుతున్నాయి. సిమెంటు కలిపాక తాపీ నాకిచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన చెబుతుంటే నుదురు, చెంపలు ఎలాగో తెచ్చాను. ముక్కు దగ్గర ఆగిపోయాను.

"నాతోని కాదు బాపూ. ఇంకెవల్నన్న పిలుద్దాం."

"నీకెట్ల అస్తె గట్లనే చెయ్యి, బిడ్డా. తడి ఆరిపోతాంది."

అయ్యాక చాలాసేపు చూశాడు. ముక్కు కొంచెం లావైందన్నాడు. గీకుతానంటే వద్దని చెయ్యి పట్టుకున్నాడు.

ఇప్పుడు పార్కులో సాయంత్రాలు గంగమ్మ నోటి నుంచి నీళ్లు వస్తున్నాయి. పిల్లలు తడుస్తారు, పెద్దలు దండం పెట్టుకుంటారు. ఆ ముక్కును ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం ఎవరైనా కనిపెడతారేమోనని అక్కడ ఐదు నిమిషాలు కుదురుగా నిలబడలేను.