పప్పు ఉడికే బోరు

2007 వేసవి. నారాయణఖేడ్‌లో నీటి పరీక్షలు చేసే చిన్న ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేరి అప్పటికి మూడేళ్ళు. ల్యాబ్ అంటే ఒక గది, ఒక సింకు. సింకులో నీళ్ళు వచ్చేవి కావు. ఊళ్ళ నుంచి సీసాల్లో వచ్చేవి కనుక పెద్ద ఇబ్బంది లేదు.

ఊరికి వెళ్ళినప్పుడు ఫీల్డ్ టెస్ట్ కిట్ పట్టుకెళ్ళేవాళ్ళం. చేతిపెట్టెలో ఒదిగే ల్యాబ్ అది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి రియేజెంట్ అనే మందు కొన్ని చుక్కలు వేస్తాం. ఫ్లోరైడ్ తక్కువైతే గులాబీ రంగు, పెరిగేకొద్దీ పసుపు. పక్కన కలర్ చార్టు పెట్టి, ఏ గడికి దగ్గరో చూసి అంకె రాస్తాం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మా చార్టులో ఒకటి తరవాత రెండే. మధ్యలోదంతా కంటి దయ.

కంగ్టి మండలంలో ఒక పల్లె. చర్చి ముందొక బోరు, బడి వెనక ఒక బోరు. నెల ముందు చర్చి బోరుకు రెండు రాసింది నేనే. రెండంటే పంపుకు ఎర్రరంగు వేయాలి. డబ్బా, కుంచె పట్టుకొని వెళ్తే, పంపుకు అడ్డంగా ఎస్తేరమ్మ నిలబడింది. అరవై దాటిన వ్యవసాయకూలీ. ఆ వాడలో ఆమె మాటకు అప్పీలు లేదు.

"ఏంది సారూ, గీ నీళ్ళు ఖరాబా? గీ నీళ్ళల్ల కందిపప్పు రెండు పొంగులకే మెత్తగయితది. బడి బోరు నీళ్ళు పోస్తె పొద్దంత కాగినా రాళ్ళ లెక్కనే ఉంటది. ఏది మంచిదో నాకెరుక లేదా?"

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో చాలాసార్లు సున్నం తక్కువ, అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. అది వివరించబోయాను.

"గవన్నొద్దు. మల్ల పరీక్ష జెయ్, మా ముందల."

ఆమె కోడలు సునీత రెండు సీసాలు తెచ్చింది. ఒకదానికి 'చర్చి' అని చీటీ, రెండోదానికి 'బడి' అని. చర్చి సీసా పసుపుకు తిరిగింది, రెండు. బడి సీసాలో గులాబీ మిగిలింది, ఒకటి. తీర్పు చెప్పే గొంతుతో చెప్పాను.

"రెండు సీసలు గీ చర్చి బోరుయే, సారూ," అన్నది సునీత.

ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. ఆ పరిస్థితికి కిట్‌లో వేరే మందు లేదు. నా కళ్ళు రంగును చదవలేదు, చీటీలను చదివాయి.

నీరు ఒకటే, అంకెలు రెండు. ఒకటి నిజమైతే మంచి బోరు మూయిస్తున్నాను, ఎండల్లో ఊరంతా ఒక్క పంపు మీద పడుతుంది. రెండు నిజమైతే, సునీత చంకలో మూడేళ్ళ పాప ఉంది. చిగుళ్ళ లోపల అసలు పళ్ళు తయారయ్యే వయసు. ఇప్పుడు తాగింది కొన్నేళ్ళకు మచ్చలై పైకొస్తుంది. అప్పటికి నేను బదిలీ మీద వెళ్ళిపోయి ఉంటాను.

చీటీలు పీకేశాను. "అమ్మా, మూడు గొట్టాల్లో నువ్వే నీళ్ళు పొయ్యి. ఏది ఏ బోరుదో ఎవరికీ చెప్పకు. రంగు సునీత చూస్తుంది."

ఎస్తేరమ్మ బడి బోరు నీళ్ళు కూడా తెప్పించి, గోడ చాటుకు వెళ్ళి పోసుకొచ్చింది. మందు నేను వేశాను. సునీత నీడలో తెల్లకాగితం ముందు ఒక్కోదాన్నీ చార్టుతో పోల్చింది. రెండు పసుపు, ఒకటి గులాబీ.

"పసుపువి ఏ బోరువమ్మా?"

ఎస్తేరమ్మ పంపు వైపు చూసింది. "చర్చియే," అన్నది. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే.

"రంగెయ్యి సారూ. తాగుడు బంద్. పప్పుకు మాత్రం గీ నీళ్ళే. పోరికి పప్పుబువ్వ లేంది ముద్ద దిగది."

"వద్దమ్మా! మరిగితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరిపోతాయి, అది మిగులుతుంది."

"మరి బడి నీళ్ళతోని పొద్దంత పొయ్యికాడ కూసుంటె, నా బదులు కూలికి నువ్వు వోతవా?"

"పప్పు ముందే నానబెడితే..."

"పెండ్లయిందా నీకు?"

"లేదు."

"ఎరుకయితనే ఉన్నది."

పంపుకు రంగు వేసి వచ్చాను. రిపోర్టు ఫారంలో 'తాగడం ఆపారా?' అన్న చోట టిక్ పెట్టాను. వంట గురించి అడిగే గడి లేదు. వారమంతా ఆ పాప కంచమే కళ్ళ ముందు. చివరికి బడి బోరు నీళ్ళు తెప్పించి, కందిపప్పు నానబెట్టి, ల్యాబ్ హీటరు మీద ఉడికించాను. మొదటి రెండుసార్లు రాళ్ళే. మూడోసారి ఇంకా ఎక్కువసేపు నానబెడితే ఉడికింది; అది గిన్నెలో పెట్టుకొని బస్సెక్కాను.

ఎస్తేరమ్మ ఒక పలుకు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఇంకొకటి నలిపింది. నా పరీక్షలేవీ ఇంత కఠినంగా ఉండేవి కావు.

"ఎన్ని గంటలు నానవెట్టినవ్?" అని అడిగింది.

అంకెను తలూపి ఒప్పుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఎలా చేశావని అడిగినవాళ్ళే దాన్ని ఇంటికి తీసుకెళ్తారని ఆ రోజు తెలిసింది. గంటలు చెప్పాను. ఆమె సునీత వైపు తిరిగి, "యాదుంచుకో," అన్నది.