బిళ్ళ అడగని ఎఫీ

"...అసలు ఆ డాక్టరు చెప్పినదానికీ ప్రభువు బల్లకూ ముడెందుకు పెడతావక్కా?" అంది చెల్లెలు డోలీనా, చేతికంటిన పిండి దులుపుకుంటూ.

"పెట్టక? ఇవాళ పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను. రేపు ప్రభువు పేరే మర్చిపోతాను."

"ఉప్పూ రక్షణా ఒకటేనా? వచ్చేవాళ్ళు ఏడుగురు. ముందు రొట్టె సంగతి చూడు."

ఎఫీకి డెబ్బై రెండేళ్ళు. లూయిస్ దీవిలోనే పుట్టి, అక్కడే నలభై ఏళ్ళు మగ్గం మీద ఉన్నిబట్ట నేసింది. ఏటా ఆగస్టులో ప్రభువు బల్ల రోజులు వచ్చాయంటే పొరుగూళ్ళ విశ్వాసులకు పడకలు, బంగాళాదుంపలు, ఉప్పుచేపలు ఆమె ఇంట్లోనే. ఆదివారం వాళ్ళంతా తెల్లగుడ్డ పరిచిన ముందు బల్లల దగ్గరికి వెళితే ఆమె మాత్రం వెనక వరుసలో ఉండిపోయేది. శనివారం సంఘపెద్దలను అడిగి, అనుమతికి గుర్తుగా లోహపు బిళ్ళ తీసుకోవాలి. అది ఉన్నవాళ్ళకే రొట్టె, ద్రాక్షారసం. ఆమె ఎన్నడూ అడగలేదు. 'నేను ఆయన దాన్ని' అని ధీమాగా చెప్పుకోవడం గర్వమని తండ్రి నేర్పాడు. ఊళ్ళో సగం మంది అలాగే వెనక వరుసలో ముసలివాళ్ళయ్యారు. దాన్ని వినయమనేవారు.

వేసవి మొదట్లో పట్నం డాక్టరు మతిమరుపు పెరుగుతుందే తప్ప తగ్గదన్నాడు. అప్పటినుంచి ఆమెకు ఒకటే దిగులు. ప్రభువును కడదాకా పట్టుకున్నవాళ్ళే ఆయనవాళ్ళు. పట్టుకోవాలన్న సంగతే గుర్తులేనివాళ్ళ మాటేమిటి?

బుధవారం దొడ్డిలో గొర్రెలను పురుగు పోయేలా మందునీళ్ళలో ముంచుతున్నారు. సంఘపెద్ద టార్క్విల్ ఒక ముసలి గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించి చెవులు తడిమాడు. కుడిచెవి కొస తెగి ఉంది. ఎడమచెవికి వెనకవైపు గంటు. ఎఫీ ఇంటి గుర్తు అదే.

"ఎఫీ, ఇది నీదే. మూడేళ్ళుగా అవతలి ఊరి మందలో మేస్తోందట. వాళ్ళే తోలించారు."

"నాదని దానికి తెలుసా? చూడు, నన్ను చూసి ఎలా బెదురుతోందో."

డోలీనా నవ్వింది. "మూడేళ్ళు వాళ్ళ గడ్డి తిని ఉన్ని మనకు తెచ్చింది. తెలివైనదే."

ఎఫీ నవ్వలేదు. "టార్క్విల్, నా మతి పోతోంది. వచ్చే ఏటికి ఆయనెవరో తెలియకపోతే నేను ఆయన దాన్ని కానట్టేగా?"

అతను గొర్రెను వదల్లేదు. "ఈ కోత ఎవరు కోశారు?"

"నేనే. అది పిల్లగా ఉన్నప్పుడు."

"దీన్ని అడిగే కోశావా?"

"గొర్రెనెవరడుగుతారయ్యా?"

"మరి ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా నిన్ను తలుచుకుని ఉంటుందా?"

"అదా? గడ్డి తప్ప దేన్నీ తలుచుకోదు."

"అయినా ఎవరిదోనని నేను వెతుక్కునే పని లేకపోయింది," అంటూ దాన్ని మందునీళ్ళలోకి తోశాడు. అది చీదుకుంటూ అవతలి గట్టెక్కింది.

ఎఫీ కంచె పట్టుకుని నిలబడింది. "మా నాన్న గర్వమనేవాడు."

"మీ నాన్న మంచివాడు. పాపం, తన పట్టునే చూసుకుంటూ బతికాడు. మన పట్టు మీదే ఆధారపడితే ఈ ఊళ్ళో ఒక్కడూ మిగలడు. నేనైతే అసలే మిగలను."

ఇంకో నాలుగు గొర్రెలు మునిగి లేచాయి. ఎఫీ తలగుడ్డ ముడి బిగించుకుంది.

"శనివారం పెద్దల దగ్గరికి వస్తాను, టార్క్విల్. బిళ్ళ అడుగుతాను. దారిలో మర్చిపోతే డోలీనా తీసుకొస్తుంది."