నా చేత్తో కొట్టిన రేటు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను నందిగామలో ఒక ఇంజనీరు దగ్గర పనిచేశాను. ఎరువుల కొట్టు మీద ఒకే గది, ఒకే కంప్యూటరు. మిల్లులు కరెంటు ఎలా ఆదా చేసుకోవచ్చో రిపోర్టులు తయారుచేసి ఇవ్వడం మా పని. నన్ను టైపుకని పెట్టుకున్నాడు. ఆయనకు మౌసు పట్టుకోవడం కూడా రాదు. సాఫ్ట్‌వేరంతా నేనే కుస్తీపట్టి నేర్చుకున్నాను. నేను లేకపోతే ఒక్క కాగితం బయటికి రాదని ఆయనకు తెలుసు. అందుకే నేనంటే మంట.

ఒకసారి జగ్గయ్యపేట దారిలో ఉన్న పత్తి మిల్లు పని వచ్చింది. పాత మోటార్లు తీసేసి, తక్కువ కరెంటు లాగే కొత్తవి పెడితే ఎంత మిగులుతుందో లెక్క తేల్చాలి. ఆ కొత్త మోటార్లు అమ్మేది కూడా మా ఇంజనీరే.

ఏడాది కరెంటు బిల్లుల కోసం నేను బస్సులో వెళ్లాను. మిల్లు యజమాని పేటలో పెద్ద వ్యాపారి. గంటసేపు వరండాలో నిలబెట్టి, గుమాస్తా చేత బిల్లుల ఫైలు పంపించాడు. లోపలినుంచే కేకేశాడు.

"ఇక్కడే రాసుకోమను. కాయితం ఒక్కటి బయటకి పోకూడదు."

ఎగిరే దూది ముక్కులోకి పోతుంటే, తుమ్ముతూ పన్నెండు నెలల బిల్లులు రాసుకున్నాను.

సాఫ్ట్‌వేరులో కరెంటు రేటుకి ఒకటే గడి ఉంటుంది. ఏడాదంతా ఒకే రేటు అనుకుంటుంది అది. మిల్లు సంగతి అలా కాదు. పత్తి వచ్చే నెలల్లో రాత్రీ పగలూ నడుస్తుంది. వేసవిలో మూత. మూసి ఉన్నా, కనెక్షనుకి నెలనెలా పడే లోడు చార్జీ కట్టక తప్పదు. సొంత రేటు వేసుకునే స్క్రీను లోపలెక్కడో ఉంటే వెతికి పట్టుకుని, నెలనెలకీ యూనిట్ చార్జీ వేరుగా, లోడు చార్జీ వేరుగా వేశాను. రెండు రోజులు పట్టింది. మోటార్లకు పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదకొండేళ్లు పడుతుందని వచ్చింది.

ఇంజనీరు తెర వంక చూసి, "ఇదెవడు కొంటాడు?" అన్నాడు. "ఏ నెలకా నెల మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించు. ఆ వచ్చింది రేటు. అది వెయ్."

"అందులో లోడు చార్జీ కూడా కలిసిపోద్ది సార్. మోటార్లు మార్చినా అది తగ్గదు కదండీ. వేసవి నెలల్లో యూనిట్ రేటు ఆకాశానికి పోద్ది."

"నిన్ను పెట్టుకుంది టైపు కొట్టడానికి. పాఠాలు చెప్పాలనుంటే మీ నాన్నలాగే బళ్లో చేరు."

నా కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. ఆయన చెప్పిన రేటు కొట్టాను. పదకొండేళ్లు మూడేళ్లయింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంతకన్నా సాకు నాకేమీ లేదు.

ఇద్దరం స్కూటరు మీద మిల్లుకి వెళ్లాం. యజమాని రిపోర్టు తాపీగా తిరగేశాడు. వేసవి నెలల దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఏమయ్యా, మిల్లు తాళం వేసున్న నెలలో యూనిట్‌కి ఇంతా? ఈ రేటు ఎవరేసారు?"

ఇంజనీరు తడుముకోలేదు. "మా అమ్మాయి కొత్తదండి. తప్పు కొట్టింది."

"తప్పు కొట్టలేదండి. సార్ చెప్పిన రేటే వేసా. ముందు సరిగ్గా చేస్తే పదకొండేళ్లొచ్చింది," అన్నాను.

యజమాని ఇంజనీరుని వదిలేసి నా మొహంలోకి చూశాడు. "అంటే తెలిసే వేసావన్నమాట."

రిపోర్టు గుమాస్తా చేతికిచ్చి, "ఇద్దర్నీ గేటు దాటించు," అన్నాడు.

గేటు బయట ఇంజనీరు నన్నొక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. నన్ను అక్కడే వదిలేసి స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఎండలో చిల్లకల్లు దాకా హైవే అంచున నడిచి బస్సెక్కాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. మిల్లు యజమానిని మాత్రం తిట్టలేకపోయాను, అదింకా ఒళ్లు మండించింది.

మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్లలేదు. రెండు వారాలకు ఇంజనీరు మా ఇంటికొచ్చాడు. కొత్తగా పెట్టుకున్నవాడికి రేట్ల స్క్రీను దొరకలేదట. మా అమ్మ మంచినీళ్లిచ్చింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"అదెక్కడుందో చెప్పమ్మా చాలు," అన్నాడు. అంతకు ముందెప్పుడూ నన్ను అమ్మా అనలేదు.

"వెతుక్కోమనండి. నేనూ వెతుక్కునే నేర్చుకున్నా."

గ్లాసు సగంలో పెట్టేసి లేచాడు. ఆ తర్వాత పేటలో కంప్యూటరు సెంటర్లో చేరాను. మిల్లు యజమాని ఎదురుపడితే ఇప్పటికీ ముందు నేనే తల తిప్పుకుంటాను.