పుట్టి అడుగున నా గోటి గీతలు

మా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే చాలు, పిల్లలందరి గోళ్లూ నల్లబడేవి... తారుతో. రోడ్డు మీద కరిగిన తారు గిల్లుకొచ్చి, వేళ్లకు ఉమ్ము తడి చేసుకుని గోలీలు చుట్టేవాళ్లం. ఆ తడి లేకపోతే వేళ్లు అతుక్కుపోయేవి.

పుంగనూరు దగ్గర మా ఊరు. రోడ్డు కొంచెం దూరం. నాకేమో బద్ధకం. ఇంటి ముందే కావలసినంత తారు ఉంటే ఎండలో అంత దూరం ఎందుకు పోవాలి చెప్పండి?

ఆ తారు మా నాయన కొత్తగా కొన్న పుట్టిది. వెదురు బద్దలతో అల్లి, పైన గోతాం పట్ట కుట్టి, తారు పూసిన గుండ్రటి పుట్టి. చెరువులో చేపలు పట్టాలంటే మా వైపు అదే పడవ. అప్పటిదాకా చెనక్కాయల సేద్యం తప్ప ఇంకోటి తెలియని మా నాయనకు ఆ ఏడే చేపల మీద మనసు పోయింది.

తారు పూసిచ్చింది మునెప్ప తాత. చుట్టుపక్కల ఏ చెరువులో పుట్టి తిరిగినా దాని అడుగున ఆయన చెయ్యి పడాల్సిందే. "మునెప్ప పూసినాడంటే సుక్క నీళ్లు దిగవు" అనేవాళ్లు జనం. ఆయనకున్న ఆస్తల్లా ఆ మాటే.

పుట్టి పూసిచ్చిన రోజు నాయనను పక్కన కూర్చోబెట్టుకుని బిడ్డను అత్తారింటికి పంపేవాడిలా ఎన్ని జాగ్రత్తలు చెప్పాడో... "రాళ్ల మీద ఈడ్సద్దప్పా, ఇద్దురు పట్టుకోని మోయండి. పనైపోతానే బోర్లించి నీడన పెట్టు. ఏడాదికోసారి తారు పూయాల, వాడినా వాడకున్నా. మళ్లా నీళ్లల్లోకి దించే ముందర లోపల రెండు బిందెల నీళ్లు పోసి సూడు. యాడ కారతాదో అదే సెప్తాది."

నాయన అన్నిటికీ తలూపాడు.

ఆ ఎండాకాలం చెరువు అడుగంటింది. పుట్టి మా యాపచెట్టు కింద బోర్లా పడుకుంది. మధ్యాహ్నానికి నీడ పక్కకు జరిగేది, తారు మెత్తబడేది... నేను చేరేదాన్ని. అంతా అన్నం తిని కునుకు తీసే వేళ, కుట్ల వెంబడి మందంగా ఉన్నచోట గోటితో గీకేదాన్ని. రోజుకు ఒక్క గోలీకి సరిపడా, అంతే! పాపం, ఏదో పద్ధతిగా దొంగతనం చేస్తున్నట్టు. వేళ్లకు ఆముదం రాసి, మట్టితో రుద్ది కడిగేసుకునేదాన్ని. ఎండాకాలం ముగిసేసరికి నా డబ్బాలో ఇరవైకి పైగా గోలీలు.

తర్వాత వానలు దంచికొట్టాయి. చెరువు నిండిందని ఊరంతా కట్ట మీదికి పరుగు. నాయన ఆగలేకపోయాడు. పుట్టిని మోసుకెళ్లి, వల వేసుకుని, నేరుగా చెరువు నడిమికి పోయాడు. నేను కట్ట మీద నిలబడి చప్పట్లు కొట్టాను.

కాసేపటికి నాయన గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. పుట్టిలోకి నీళ్లు వస్తున్నాయి. ఆయనకు ఈత రాదు. ఎవరో లారీ ట్యూబు మీద పోయి ఆయన్నీ పుట్టినీ గట్టుకు పట్టుకొచ్చారు కాబట్టి సరిపోయింది. వల మాత్రం దక్కలేదు.

గట్టెక్కిన నాయన వణుకుతూనే మునెప్ప తాత మీద పడ్డాడు, ఊరందరి ముందర. "ఇదేనాప్పా నువ్వు పూసిన తారు? నేను సచ్చింటే నా బిడ్డకు దిక్కెవురు?"

తాత పుట్టిని తిరగేసి కుట్ల వెంబడి చేత్తో తడిమాడు. సన్నటి గీతలు... చిన్న గోళ్లవి. తలెత్తి నన్ను చూశాడు. నేను రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను.

"నా తప్పేనప్పా," అన్నాడు. "తారు పలసగా పడినట్టుండాది. మళ్లా పూసిస్తా."

నీళ్లు పోసి చూసినావా అని కూడా నాయనను అడగలేదు.

మరుసటి రోజు పొద్దున్నే వచ్చి, తారు కాచి, రెండు పూతలు పూశాడు. పోయేముందు నన్ను పిలిచి, ఆకులో తారు ముద్ద పెట్టి చేతికిచ్చాడు. "ఇది మిగిలింది, ఆడుకో పాపా. పుట్టిని మాత్రం గీకద్దు, నాయన అందులో పోతాడు గదా," అన్నాడు. కొట్టినా బాగుండేది. గోలీల డబ్బాతో సహా ఆ ముద్దను దిబ్బలో పూడ్చేశాను.

"ముసిలాయనకు సూపు ఆనడం ల్యా" అన్నారు ఊళ్లో. మరుసటి ఏడు పుట్టిలన్నీ వేరేవాళ్ల దగ్గరికి పోయాయి. బడికి పోతుంటే తాత అరుగు మీద ఖాళీగా కూర్చుని కనిపించేవాడు. నేను తల దించుకుని పరిగెత్తేదాన్ని. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని పాపాలు ఒప్పుకోమంటే బెల్లం దొంగిలించింది చెప్పాను, బలపం దాచింది చెప్పాను... ఇది మాత్రం దేవుడికీ చెప్పలేదు. నేను మదనపల్లెలో హాస్టల్లో ఉన్నప్పుడు తాత పోయాడని తెలిసింది.

మొన్న కుప్పం నుంచి తెలిసినబ్బాయి కొత్త పుట్టి కొన్నానని ఫోటో పెట్టాడు. ఇప్పుడన్నీ ఫైబరువే, తారు పని లేదు. అయినా చెయ్యి ఆగక రాశాను... ఈడ్చొద్దు, నీడన బోర్లించు, దించే ముందు నీళ్లు పోసి చూడు. "అక్కా, ఇవన్నీ ఎవరు నేర్పారు మీకు?" అని అడిగాడు.

జవాబు రాసేముందు నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"నీళ్లు పోసి సూడమని సెప్పినాడు గదమ్మా... నేను సూడలా. తప్పు నాదేనని నాకు ఆ పొద్దే తెలుసు," అన్నాడు.

ముప్పై ఏళ్లు ఇద్దరం ఎవరి తప్పు వాళ్లం దాచుకున్నాం... సిగ్గుగా ఉంది.

ఇప్పుడు పిల్లల గోళ్లు నల్లబడవు. పుట్టిలకు తారు పూసే చేతులూ లేవు. మీరు నోరు మెదపకపోవడం వల్ల ఎవరి మీదైనా మాట పడి ఉంటే, కింద రాయండి. వాళ్ల పేరుతో సహా రాయండి.

నేను మొదలుపెడుతున్నాను. మునెప్ప తాత పూసిన తారు పలచగా పడలేదు. గీకింది నేను.