ఏకాంబరం డాక్టరు చెప్పే పనులు

పూతలపట్టులో ఏకాంబరం డాక్టరు దగ్గరికి పెళ్లాన్ని తీసుకుపోయిన మొగుడెవడూ కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. వాడు కూర్చోబోతుండగానే ఆయనకు ఏదో ఒకటి కావాల్సి వచ్చేది. ఒకణ్ణి కొత్తిమీరకు తరిమేవాడు. వాడు తొందరగా తెచ్చేస్తే, వేళ్లు లేని కొత్తిమీర తనకొద్దని మళ్లీ తరిమేవాడు. నలభై ఎకరాల ఆసామికి తన కాలి చెప్పొకటి తీసిచ్చి, తెగింది కుట్టించుకురమ్మన్నాడు. ఆ పెద్దమనిషి ఒంటి చెప్పు పట్టుకుని బజారంతా తిరిగాడు. డాక్టరుకు మతిమరుపని కొందరు, ఇంట్లో భార్య చెప్పిన పనులన్నీ ఇలా ఊరి మీదికి తోస్తున్నాడని కొందరు అనుకునేవాళ్లు.

తొంభై ఎనిమిది చలికాలంలో చిన్నబ్బ వంతు వచ్చింది. చిన్నబ్బ, పెళ్లాం చెంగమ్మ బెల్లం గానుగ దగ్గర చెరకు మోపులు మోసే కూలీలు. చిన్నబ్బ కాళ్లు అతని మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు చెంగమ్మ కూడా మోపెత్తుతూ కూలబడుతోంది. ఏమైందంటే మోకాళ్లంటుంది. ఇద్దరిలో ఒకరు పడిపోతే ఇల్లు గడవదు.

ఆడవాళ్ల జబ్బులు చూడడం నేర్చుకోమని తిరుపతి పెద్దాసుపత్రి వాళ్లు ధర్మేంద్ర అనే కొత్త డాక్టరును ఏకాంబరం దగ్గరికి పంపింది ఆ రోజుల్లోనే. అతని చేతిలో ఒక అచ్చు కాగితం, దాని మీద నలభై ప్రశ్నలు. చిన్నబ్బ వాళ్లు పోయిన రోజు ఏకాంబరం ఊళ్లో లేడు. ధర్మేంద్ర ఇద్దరినీ మర్యాదగా కూర్చోబెట్టి, నెలసరి మొదలుకుని అన్నీ అడిగాడు. నలభైకీ చెంగమ్మ చెప్పిన జవాబు ఒకటే, మోకాళ్లని. అతను మోకాళ్లకు మందు రాసిచ్చాడు.

వారం తర్వాత మళ్లీ పోతే ఏకాంబరం ఉన్నాడు. చిన్నబ్బ ఇంకా కుర్చీ కూడా చూసుకోలేదు.

"అబ్బా, నాకొక నిమ్మకాయ కావాల."

"అంగడి బస్టాండు కాడ ఉండాది సార్. ఈ కాళ్లతో యాడికి పోయేది?"

"మెల్లంగా పో. తొందరేం లేదు."

లోపల తిట్టుకుంటూ బయల్దేరాడు. దోవలోనే నిమ్మకాయల గంపామె ఎదురైంది. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి మెట్టు మీద ఆగిపోయాడు. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడని చెంగమ్మ లోపల ఆగకుండా మాట్లాడుతోంది.

"మూడో కాన్పు కాడ్నుంచి గర్భసంచి కిందికి జారతా ఉండాది సార్. మోపెత్తితే సాలు. ఆయప్పకు సెప్పొద్దు. తెలిస్తే నా మోపులు గూడా ఆయప్పే ఎత్తుతాడు. ఇప్పటికే నడుము వంగిపోయినాది."

బరువెత్తడం మానాలనీ, సంచి జారకుండా లోపల రింగు పెట్టి చూద్దామనీ ఏకాంబరం చెబుతున్నాడు. నలభై ఎకరాల ఆసామి ఒంటి చెప్పుతో ఎందుకు తిరిగాడో చిన్నబ్బకు అప్పుడర్థమైంది.

చప్పుడు కాకుండా మెట్టు దిగి, చేతిలో నిమ్మకాయతోనే బస్టాండు దాకా పోయి వచ్చాడు. ఇంతసేపు ఏం చేశావని చెంగమ్మ విసుక్కుంటే, మంచి కాయ ఏరానన్నాడు. మర్నాడు గానుగ ఆసామిని పట్టుకుని, పెళ్లానికి మోకాళ్లు బాగాలేవు, బెల్లం ముద్దలు చుట్టే దగ్గర కూర్చోబెట్టమని బతిమాలి ఒప్పించాడు. చెంగమ్మకు మాత్రం ఆసామే మార్చాడని చెప్పాడు.

మళ్లీ చూపించుకోవడానికి పోయేసరికి ఏకాంబరం చిత్తూరు పోయి ఉన్నాడు. ధర్మేంద్ర ఇద్దరికీ కుర్చీలు జరిపాడు. చిన్నబ్బ కూర్చోలేదు.

"నేనేం తెచ్చేది సార్?"

"ఏమొద్దప్పా, కూర్చో."

"అట్లా గాదు సార్. ఏదో ఒకటి సెప్పు. నేను పోవాల గదా."

ధర్మేంద్ర అతని ముఖంలోకి చూశాడు. చేతిలో ప్రశ్నల కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఒక పెన్ను తెచ్చిపెట్టు. మెల్లంగా రా."

అతని చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. చిన్నబ్బ వాటిని చూడనట్టే మెట్లు దిగాడు.