కొబ్బరినీళ్ళ గురించి రెండు వాక్యాలు

మావారు అమలాపురం దగ్గర ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా బోటనీ చెప్పారు. చివరి రెండేళ్ళూ నోట్సు చెప్పి రాయించడం మానేశారు. ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి నోట్సు తెరిచి, దాని లింకు క్లాసు మొత్తానికీ ఇచ్చారు. ఎవరైనా ఫోన్లో తెరవవచ్చు, ఎవరైనా రాయవచ్చు. ఎవరు రాస్తుంటే వాళ్ళ పేరు ఆ అక్షరాల పక్కన కనిపిస్తుంది. పాఠానికి ఇద్దరు పిల్లల చొప్పున రాసేవారు. మధ్యమధ్య ఆయన కలిపేవారు.

మొదటి వారంలోనే ఒకరు రాసింది ఇంకొకరు చెరిపి గొడవపడ్డారు. అప్పుడాయన ఒక నియమం పెట్టారు. ఎవరి వాక్యం వాళ్ళే దిద్దుకోవాలి. తప్పు కనిపిస్తే పక్కన కామెంటు పెట్టి ఊరుకోవాలి. మా వైపు పిల్లలకు ఇది అవసరానికి మించి నచ్చింది. "ఇక్కడ ఒత్తు పోయినట్టుందండి, ఏమనుకోకండి" అని ఒక పదహారేళ్ళ పిల్ల తన పక్క బెంచీ పిల్లకు కామెంటు పెట్టింది.

రెండో ఏడు ఆయన కిడ్నీలు పాడయ్యాయి. కాకినాడ ఆసుపత్రిలో ఒక చేతికి డయాలసిస్ గొట్టాలుండగా రెండో చేత్తో ఫోన్లో టైపు చేసేవారు. ఆపమంటే, సిలబస్ ఆగదుగా అనేవారు. విత్తనంలో పిండానికి ఆహారమయ్యే అంకురచ్ఛదం గురించిన పేరా అలా రాసిందే. ఆయన రాసిన వాటిలో అదే చివరిది. క్రిస్మస్‌కు ముందు పోయారు. తరవాత చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో ఆయనను మహావృక్షంతో పోల్చినవారు ముగ్గురు. ఆయన చెట్ల గురించి పాఠం చెప్పేవారు, అంతే.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, ఆయన స్థానంలో గెస్ట్ లెక్చరర్‌గా చేరిన అమ్మాయి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. పబ్లిక్ పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి.

"మేడం గారూ, మాస్టారి నోట్సులో కొబ్బరికాయ తిరగబడిందండి" అంది.

లేత కొబ్బరినీళ్ళలో కేంద్రకాలు గోడలేమీ లేకుండా విడిగా తేలుతుంటాయట. తెల్ల కొబ్బరిలో గోడలు కట్టుకొని కణాలుగా ఉంటాయట. పుస్తకంలో ఉన్నది అది. మావారు నీళ్ళకు గోడలు కట్టి, కొబ్బరికి తీసేశారు.

"స్లిప్ టెస్టులో క్లాసంతా మాస్టారు రాసినట్టే రాసేరండి. పుస్తకం చూపించేను. ఆయ్ అని తలూపేరు. ప్రీఫైనల్లో ఏం రాసేరో చూడండి."

ఒక పేపరు తీసి ఇచ్చింది. "పుస్తకం ప్రకారం" అని ఒక జవాబు, దాని కింద "మాస్టారి ప్రకారం" అని ఇంకో జవాబు. మాస్టారి ప్రకారం కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టారు.

"పబ్లిక్‌లో ఇలా రాస్తే మార్కులు పోవా?" అన్నాను పిల్లలతో.

"పోతాయండి" అంది వాళ్ళలో పొడుగుజడ పిల్ల. "కానీ మాస్టారిది తప్పని ఎలా రాస్తామండీ?"

లెక్చరర్ వైపు తిరిగి, మీరే దిద్దేయకపోయారా అన్నాను.

"నేను మొన్నొచ్చినదాన్నండి. వీళ్ళు నన్ను బతకనిస్తారా?"

"అదేం లేదండి. మాటాడ్డం మానేస్తాం, అంతే" అంది రెండో పిల్ల.

పొడుగుజడ పిల్ల అసలు సంగతికి వచ్చింది. "ఎవరి వాక్యం వాళ్ళే దిద్దుకోవాలి కదండీ. మాస్టారి ఫోను మీ దగ్గరుంది. దాంట్లోంచి మీరు మారిస్తే మాస్టారు దిద్దినట్టే అవుద్దండి."

అవదు. ఆ మాట పిల్లతో అనలేదు. ఆ పేరా నేను చాలాసార్లు చదివాను. హైస్కూల్లో తెలుగు చెబుతాను, నాకు బోటనీ రాదు. అందులో అనవసరమైన విశేషణం ఒక్కటీ లేదని మాత్రం గమనించాను. దాన్ని అలాగే ఉంచుకోవాలని నా కోరిక. కానీ ఆయన అది రాసింది నా కోసం కాదు, ఈ పిల్లల పరీక్ష కోసం. ఆ పని అది చేయడం లేదు.

ఫోను తెచ్చి నోట్సు తెరిచాను. పిల్లలిద్దరూ తమ ఫోన్లలో అదే తెరిచి కూర్చున్నారు. నేను పేరా మీద వేలు పెట్టగానే వాళ్ళ ఫోన్లలో దాని పక్కన ఆయన పేరు వచ్చింది. పొడుగుజడ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండో పిల్లా లేచింది. లెక్చరర్ సగం లేచి, తాను లెక్చరర్‌నని గుర్తొచ్చి ఆగింది.

"కూర్చోండమ్మా" అన్నాను. కూర్చోలేదు.

నీళ్ళున్నచోట కొబ్బరి, కొబ్బరి ఉన్నచోట నీళ్ళు రాశాను. నిమిషం పట్టలేదు. పిల్లలిద్దరూ ఫోన్లు చూసుకొని "ఆయ్" అన్నారు, నాతో కాదు.

"అయిపోయినట్టేనా?"

"ఇంకో నాలుగున్నాయండి. చిన్నవేనండి. మాస్టారి ఇష్టమని ఊరుకున్నాం" అంది పొడుగుజడ పిల్ల.

"అవి నేను ముట్టుకోను. నీ ఫోన్లోంచి, నీ పేరుతో దిద్దు."

"మాస్టారు..."

కూడికలో అందరూ ఆయన ప్రభువునందు నిద్రించారన్నారు. ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతున్నాను. ఆ పిల్లకు అలా చెబితే ఎదురుచూస్తుందనిపించింది.

"మాస్టారు చనిపోయారు కదమ్మా. ఇక దిద్దరు" అన్నాను.

అప్పుడు కూర్చుంది. ఫోన్లో ఏదో టైపు చేసింది. నా చేతిలో ఆయన ఫోను మోగింది. మొదటి తప్పు పక్కన కామెంటు వచ్చింది: "మాస్టారూ, దిద్దుతున్నానండి."

నేను జవాబు రాయలేదు. కాసేపు చూసి, ఆ పిల్ల దిద్దడం మొదలుపెట్టింది.