అట్టతో చేసిన చిన్న తలుపు

చిక్కడపల్లిలో మేం కిరాయికున్న ఇంట్లో వంటగది పక్క గది ఎప్పుడూ మైదా జిగురు వాసన వేసేది. తొంభైల మొదట్లో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన ఒక మిల్లుకు ఏజెంటుగా కుదిరారు. తలుపులకు, లిఫ్టులకు వాడే ఇత్తడి, అల్యూమినియం రేకుల సాంపిళ్లు చూపించి, బిల్డింగులు కట్టించేవాళ్ల దగ్గర ఆర్డర్లు తేవాలి. మిల్లువాళ్లు ఇచ్చిన ముక్కలను పాత పేపర్లో చుట్టుకుని తిరిగేవారు.

"తూకానికి పాత సామాను తెచ్చినట్టు చూస్తున్నరు. కూసొమ్మని కూడ అంటలేరు," అన్నారు ఒకరోజు.

ఆ మాట నన్ను పట్టుకుంది. మా నాన్న దోమలగూడలో పుస్తకాలకు బైండింగు చేసేవారు. అట్ట కోయడం, అంటించడం నాకు చిన్నప్పుడే వచ్చు. ముందు నల్ల వెల్వెట్ గుడ్డకు జేబులు కుట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క పెట్టి, చాపలా చుట్టి ఇచ్చాను. బల్ల మీద పరిస్తే నలుపు మీద రేకులు తళతళలాడేవి. తర్వాత గాజుల డబ్బాల్లో అరలు కట్టాను. జనం ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడడం మొదలైంది. చిన్నచిన్న ఆర్డర్లు కూడా వచ్చాయి.

అప్పుడే బషీర్‌బాగ్‌లో హోటల్ కట్టిస్తున్న ఒక పెద్దాయన అన్ని రకాలూ తెమ్మన్నారు. నేను అట్టతో చిన్న తలుపులాంటి డబ్బా చేశాను. రెండు రెక్కలకూ అల్యూమినియం పట్టీలు, తెరిస్తే లోపల ఇత్తడి ముక్కలు. ఇంట్లో బొద్దింకలు ఎక్కువ. అవి అట్ట కొరకకుండా, మా నాన్న చేసినట్టే జిగురులో మైలుతుత్తం కలిపాను.

"దీన్ని చూసినంక ఎవరన్న కాదంటరా?" అని మా ఆయన రెక్కలు తెరుస్తూ మూస్తూ మురిసిపోయారు.

పెద్దాయన ఊరెళ్లడంతో ఆ డబ్బా గుడ్డలో చుట్టి బీరువా మీదే ఉండిపోయింది. ముసురు పట్టింది. చివరికి పిలుపొచ్చి, విప్పి చూడకుండానే తీసుకెళ్లిన రోజు, సాయంత్రం మా ఆయన తడిసి వచ్చారు.

"ఏమన్నరు?"

"చూస్తం అన్నరు."

అన్నం ముట్టలేదు. సంచిలోంచి డబ్బా తీసి చూశాను. చెమ్మకు తుత్తం ఊరి అల్యూమినియం పట్టీలను తినేసింది. అంచుల వెంట నల్లటి మచ్చలు. ఇత్తడికి పచ్చగా చిలుము.

"నిజం చెప్పుండ్రి. ఏమన్నడాయన?"

"డబ్బాలనే గిట్లయితే నా హోటల్ల ఎన్ని దినాలుంటది అన్నడు."

"జిగురుతోని అయింది, రేకు మంచిదే అని చెప్పకపోయిండ్రా?"

"నా భార్య చేసిన దాంతోని పాడైందని వాని ముందట చెప్పాల్నా? నాకు నోరు రాలె."

ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు ఆయనకు చెప్పకుండా, ఇంట్లో మిగిలిన మంచి ముక్కలు తీసుకుని నేనే బషీర్‌బాగ్ వెళ్లాను. పెద్దాయన మర్యాదగానే విన్నారు.

"అయ్యో, జర ముందు చెప్పకపోయినవా అమ్మా. పొద్దున్నే వేరేవాళ్లకు మాట ఇచ్చిన."

ఆయన బల్ల మీద ఆ వేరేవాళ్ల ముక్కలు విడివిడిగా పడి ఉన్నాయి. వాటికి గుడ్డ లేదు, డబ్బా లేదు. అశోక్ నగర్ మీదుగా వానలో నడిచి ఇంటికొచ్చాను.

చలికాలానికల్లా మిల్లువాళ్లు ఏజెన్సీ ఇంకొకరికి ఇచ్చారు. మా ఆయన నారాయణగూడలో హార్డ్‌వేర్ దుకాణంలో పనికి కుదిరారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించేది. పక్కింటివాళ్లు పెళ్లి కానుకలకు డబ్బాలు చేసి పెట్టమని అడిగితే, చేతులు నొప్పులని చెప్పి పంపించేశాను.